పురుగు తిన్న కలప, విప్పగలిగే కట్టడం

సభలో ఉన్న పెద్దలకు, ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ విద్యార్థులకు, పని మానుకొని వచ్చిన వడ్రంగి మిత్రులకు నమస్కారం. హనుమకొండలో ఈ విషయం మీద మాట్లాడే అవకాశం ఇచ్చిన నిర్వాహకులకు నా కృతజ్ఞతలు.

పురుగు పట్టిన కలపతో, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి మళ్లీ బిగించుకోగల కట్టడాలను కంప్యూటరు నడిపే యంత్రాల సాయంతో ఎలా రూపొందించవచ్చో ఈ రోజు వివరిస్తాను. పురుగుల గురించి వ్యవసాయ, అటవీ కళాశాలల్లో చదువుతాం, యంత్రాల గురించి మెకానికల్ విభాగంలో చదువుతాం, అతుకుల పనిని వడ్రంగి దగ్గర చూస్తాం. ఈ మూడింటినీ కలిపి ఆలోచించే అలవాటు మనకు లేదు. అయితే పురుగు తిన్న కర్రను నిర్మాణంలోకి తీసుకోవాలనుకున్న మరుక్షణం మిగతా రెండూ తప్పనిసరి అవుతాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. నష్టం ఏ రెండు దుంగల్లోనూ ఒకే తీరుగా ఉండదు కాబట్టి ప్రతి దుంగనూ విడిగా కొలిచి, దానికి తగ్గట్టే కోయాలి. ఆ పని యంత్రం లేకుండా గిట్టుబాటు కాదు. ఎంత జాగ్రత్తగా కొలిచినా పదేళ్ల తర్వాత ఆ కర్ర ఎలా ఉంటుందన్న సందేహం కొంత మిగిలే ఉంటుంది కాబట్టి, పాడైన ముక్కను పక్కవాటికి దెబ్బ తగలకుండా తీసి మార్చగలిగేలా అతుకులు ఉండాలి.

మన ప్రాంతంలో ఇలాంటి కలప రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి, జగిత్యాల, మంచిర్యాల, వరంగల్ వైపు ముసలి మామిడి తోటలు. కాపు తగ్గిన చెట్టును, కాండం తొలిచే పురుగు పట్టి కొమ్మలు ఎండిన చెట్టును రైతు తీసేస్తాడు. ఆ మానులో ఎక్కువ భాగం పొయ్యిలోకో బట్టీలోకో పోతుంది. రెండు, కూలగొడుతున్న పాత పెంకుటిండ్లు. ఆ ఇండ్ల దూలాలు, వాసాలు చాలావరకు టేకువి; పైకి పుచ్చు కనిపిస్తే చాలు, పాత కలప కొనేవాడు వాటికి కట్టెల ధర కడతాడు. ఈ రెండు రకాల కర్రనూ పురుగు తిన్నదే అయినా, తిన్న తీరు పూర్తిగా వేరు. ఆ తేడా తెలియకుండా కట్టడం గురించి ఆలోచించలేం.

తలుపు చట్రం కింద, మంచం కోళ్ల దగ్గర సన్నని పిండిలాంటి పొడి రాలడం మీరందరూ చూసే ఉంటారు. అది లిక్టస్, సైనోజైలాన్ వంటి చిన్న పెంకుపురుగుల పని. ఆడ పురుగు కర్రలోని సన్నని నాళాల్లోనో, తాను తొలిచిన సన్నని దారిలోనో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగుకు కావలసింది పిండిపదార్థం. చెట్టు దాన్ని చేవ, అంటే మాను నడిమి గట్టి భాగం, చుట్టూ ఉండే తెల్లని పొరలో దాచుకుంటుంది. చేవలో ఆ తిండి లేదు. పైగా టేకు చేవలో టెక్టోక్వినోన్ వంటి సహజ పదార్థాలుంటాయి, అవి పురుగులకు సరిపడవు. నా చేతిలో ఉన్న ఈ ముక్క ఒక పాత ఇంటి వాసం నుంచి కోసినది. ముందు వరుసలో ఉన్నవారు అడ్డకోత వైపు చూడండి. చుట్టూ వేలెడు మందాన ఉన్న తెల్లని భాగం నొక్కితే చాలు, పొడిగా రాలుతోంది. కొంచెం లోపలికి వస్తే ఒక గీత కనిపిస్తుంది; రంధ్రాలన్నీ సరిగ్గా ఆ గీత దగ్గర ఆగిపోయాయి. గీతకు లోపల ఉన్న గోధుమ రంగు చేవ మీద ఉలి పెట్టి ఒక పొర తీస్తే ఇప్పటికీ టేకు వాసన వస్తుంది. బయటి నుంచి చూసినవారు ఈ వాసం మొత్తం పోయిందని అనుకున్నారు.

పైన కనిపించే ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రాలు చాలావరకు పెరిగి పెద్దదైన పురుగు బయటికి వచ్చిన దారులు. కాబట్టి రంధ్రం ఉన్నంత మాత్రాన లోపల పురుగు ఉన్నట్టు కాదు. కర్ర కింద నల్లని కాగితం పరిచి వారం తర్వాత చూడండి. తాజా పొడి పడితే పురుగు ఇంకా బతికే ఉంది.

మామిడి కథ వేరు. బాటోసెరా అనే పొడవాటి మీసాల పెంకుపురుగు బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. దాని పిల్ల పురుగు బెరడు కింద మొదలుపెట్టి, కాండం లోపలికి వేలు దూరేంత వెడల్పు సొరంగం తొలుచుకుంటూ పోతుంది. ఇక్కడ పొరంతా పొడి కావడం ఉండదు. సొరంగం ఒక దారిన వెళుతుంది, దాని పక్కన రెండంగుళాల దూరంలో కర్ర గట్టిగానే ఉండవచ్చు. మామిడికి టేకులా తనను తాను కాపాడుకునే చేవ లేదు కాబట్టి, కొట్టిన మానును వానకు వదిలేస్తే చిన్న పెంకుపురుగులు కూడా వచ్చి చేరతాయి. అందుకే మామిడిని కొట్టిన వెంటనే కోసి ఆరబెట్టాలి.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మౌంటెన్ పైన్ బీటిల్ అనే బెరడు పురుగు సుమారు 1.8 కోట్ల హెక్టార్ల అడవిని తాకింది. మన తెలంగాణ మొత్తం విస్తీర్ణం 1.12 కోట్ల హెక్టార్లని గుర్తు చేసుకుంటే ఆ నష్టం ఎంతటిదో తెలుస్తుంది. గడ్డకట్టే చలికాలాలు ఒకప్పుడు ఆ పురుగు పిల్లలను చంపేవి. చలి తగ్గడంతో అవి బతికి విస్తరించాయి. ఆ పురుగు వెంట వచ్చే శిలీంధ్రం కలపకు నీలి మరకలు పెడుతుంది కానీ, దాని బలాన్ని పెద్దగా తగ్గించదు. 2010 వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్ కోసం కట్టిన రిచ్‌మండ్ ఓవల్ పైకప్పులో ఆ కలపనే వాడారు. అమెరికాలో 2002లో మిషిగన్‌లో గుర్తించిన ఎమరాల్డ్ ఆష్ బోరర్ కోట్ల కొద్దీ ఆష్ చెట్లను చంపింది. ఆ పురుగు బెరడు కిందే తిరుగుతుంది, లోపలి కలపను పెద్దగా ముట్టదు. అయినా వంకర మానులని సా మిల్లులు వాటిని తీసుకోలేదు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన సాషా జివ్‌కోవిచ్, లెస్లీ లోక్‌ల బృందం న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో ఆషెన్ క్యాబిన్ అనే చిన్న గదిని కట్టినప్పుడు, ఆ వంకర దుంగలనే త్రీడీ స్కాన్ చేసి, రోబో చేతికి బిగించిన రంపంతో దుంగ వంపును అనుసరించి చెక్కలు కోశారు. మనకు పనికొచ్చే పాఠం ఆ రోబో చేతిలో లేదు. దుంగ ఎలా ఉందో ముందు తెలుసుకొని, ఆ తర్వాత నమూనా గీసిన క్రమంలో ఉంది.

ఇక లెక్కలోకి వద్దాం. విద్యార్థులు ఈ భాగాన్ని శ్రద్ధగా వినాలని కోరుతున్నాను. వంద మిల్లీమీటర్ల వెడల్పు, నూట యాభై మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న దూలం తీసుకోండి. చుట్టూ 15 మిల్లీమీటర్ల పొర పుచ్చిపోయిందనుకుందాం. మిగిలేది 70 బై 120. అడ్డకోత వైశాల్యంలో 56 శాతం మిగిలింది కాబట్టి బలంలోనూ సగానికి పైగా మిగిలిందని అనిపిస్తుంది. కానీ వంపును తట్టుకునే బలం ఎత్తు వర్గం మీద ఆధారపడుతుంది, వంగకుండా నిలిచే దృఢత్వం ఎత్తు ఘనం మీద ఆధారపడుతుంది. లెక్క కడితే బలం 45 శాతానికి, దృఢత్వం 36 శాతానికి పడిపోతాయి. కంటికి కనిపించే నష్టం కంటే అసలు నష్టం ఎక్కువ. అందువల్ల పాత టేకు దూలాన్ని మళ్లీ వాడేటప్పుడు తెల్లని పొరను మొత్తం చెక్కేసి, మిగిలిన చేవ కొలతతోనే లెక్క మొదలుపెట్టాలి. పుచ్చు పొర మీద పుట్టీ పెట్టి రంగు వేయడం ఎవరినీ కాపాడదు.

మామిడి సొరంగం దగ్గర ఇదే లెక్క తలకిందులవుతుంది. అదే కొలత దూలంలో 25 మిల్లీమీటర్ల సొరంగం ఎత్తుకు సరిగ్గా నడుమ, పొడవు వెంట వెళితే, దృఢత్వంలో తగ్గుదల వెయ్యింట ఒక వంతు కూడా ఉండదు. అదే సొరంగం కింది అంచుకు దగ్గరగా ఉంటే సుమారు 5 శాతం పోతుంది. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, సాగుడు భారం మోసే పోగులు సరిగ్గా అక్కడే తెగుతాయి. అంటే ఒకే దుంగను ఒక వైపు తిప్పి కోస్తే పనికిరాని దూలం, ఇంకో వైపు తిప్పి కోస్తే నమ్మదగిన దూలం వస్తుంది. ఒక హెచ్చరిక మాత్రం మరవకూడదు. దూలం చివరల్లో, గుంజ మీద ఆనే చోట, పొరలను ఒకదాని మీద ఒకటి జరిపే కోత ఒత్తిడి నడిమి ఎత్తులోనే అత్యధికం. కాబట్టి సొరంగం నడుమ ఉండటం మంచిదే గానీ, ఆనే చోటికి దాకా సాగకూడదు. దుంగను ఎలా తిప్పాలి, ఎక్కడ నరకాలి అన్న ఈ నిర్ణయమే మొత్తం పనికి ప్రాణం. మంచి కలప కొని ఇల్లు కట్టేవాడికి ఈ ప్రశ్న ఎదురే కాదు.

లోపల సొరంగం ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా అని మీరు అడుగుతారు. అనుభవం ఉన్న వడ్రంగి సుత్తి వెనక వైపుతో తట్టి, శబ్దం విని చెబుతాడు. నేను చూసినంతలో అతని తీర్పు చాలాసార్లు సరైనదే. దాన్ని అంకెల్లోకి మార్చడమే మనం చేయాల్సింది. ఆరిన కర్రలో పొడవు వెంట ధ్వని సెకనుకు నాలుగైదు వేల మీటర్ల వేగంతో పోతుంది. సాంద్రతను వేగం వర్గంతో గుణిస్తే దృఢత్వం వస్తుంది. ఘనపు మీటరుకు 600 కిలోల కర్రలో వేగం 4500 ఉంటే దృఢత్వం సుమారు 12 గిగాపాస్కల్స్. వేగం 3500కు తగ్గితే అది 7 దాటి కొంచెం మాత్రమే. ఈ పద్ధతి దుంగ మొత్తానికి ఒక సగటు ఇస్తుంది, లోపం ఉన్న చోటును చూపించదు. చోటు తెలియాలంటే సన్నని సూదిలాంటి డ్రిల్లును దించి, ప్రతి మిల్లీమీటరుకూ అది ఎంత నిరోధం ఎదుర్కొంటుందో గీత గీసే పరికరం వాడాలి. అతుకు రాబోయే ప్రతి చోటా ఈ పరీక్ష చేయడం అవసరం. బయటి ఆకారానికి ఫోను కెమెరా చాలు; దుంగ చుట్టూ తిరుగుతూ తీసిన ఫొటోలను కలిపి త్రీడీ నమూనా తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు విద్యార్థులకు అందుబాటులోనే ఉంది.

యంత్రం గురించి ఒక మాట. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ పట్టణాల్లో ప్రధాన ద్వారం మీద లక్ష్మీదేవిని, ఏనుగులను చెక్కే సీఎన్‌సీ మిషన్లు, అంటే కంప్యూటరు నడిపే కోత యంత్రాలు, నడుస్తున్నాయి. అతుకులు కోయడానికి కావలసిన మౌలిక యంత్రం అదే. తలుపు చెక్కకు రెండు అంగుళాల లోతు చాలు, దూలానికి చాలదు. కాబట్టి మిషను బల్లకు, దుంగను పట్టి ఉంచే బిగింపుకు మార్పులు చేసుకోవాలి. అది మన లేత్ వర్క్‌షాపుల్లో చేయగల పని. విదేశాల్లో రోబోలతో చేశారు కాబట్టి మనం రోబో వచ్చేదాకా ఆగాలన్న వాదన నాకు సమ్మతం కాదు.

ఈ మిషనుకు ఒక సహజ స్వభావం ఉంది. తిరిగే బిట్టు గుండ్రంగా ఉంటుంది కాబట్టి, ఒక కర్ర కొస దూరేలా ఇంకో కర్రలో తీసే బెజ్జం లోపలి మూలను అది ఎప్పుడూ చతురస్రంగా కోయలేదు. 12 మిల్లీమీటర్ల బిట్టు ప్రతి మూలలోనూ 6 మిల్లీమీటర్ల వ్యాసార్ధపు గుండ్రం వదులుతుంది. దూలం చివర మనం తీసే నాలుక మూలలు పదునుగా ఉంటే అది బెజ్జంలో దిగదు. కొందరు మూలలో అదనపు రంధ్రం వేస్తారు, కొందరు ఉలితో మూల తీస్తారు. పురుగు తిన్న కర్రలో అనవసరంగా మరో రంధ్రం వేయడం నాకు ఇష్టం లేదు. నాలుక మూలలనే అదే వ్యాసార్ధంతో గుండ్రంగా కోయడం మేలు. గుండ్రని మూల దగ్గర ఒత్తిడి కూడా ఒక్క చోట పోగుపడదు.

ఇంకో విషయంలో మిషను మనల్ని మోసపుచ్చగలదు. అది మిల్లీమీటరులో పదో వంతు కచ్చితత్వంతో కోస్తుంది. కర్ర అంత కచ్చితంగా ఉండదు. మే నెల ఎండలో ఆరిన కర్ర ఆగస్టు ముసురులో తేమ పీల్చుకుంటుంది. చాలా కలపల్లో వార్షిక వలయాల వెంట, ప్రతి ఒక శాతం తేమకూ కొలత సుమారు పావు శాతం మారుతుంది. తేమ 4 శాతం పెరిగితే 200 మిల్లీమీటర్ల వెడల్పు కర్ర 2 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. పదో వంతు మిల్లీమీటరు సందుతో బిగించిన అతుకు వానాకాలంలో పగులుతుంది, లేదా ఇక ఎన్నటికీ విడిపోదు. కాబట్టి అడ్డపోగుల దిశలో సందు వదలాలి, పొడవు దిశలో బిగువుగా ఉంచాలి, ఆ రెంటి మధ్య బిగింపును చీలకు అప్పగించాలి.

విప్పగలిగే అతుకుకు ఈ చీలే గుండెకాయ. జిగురుతో అతికిన కర్రను విడదీస్తే పోగులు చిరుగుతాయి. మేకు కొడితే, తీసేటప్పుడు కర్ర చీలుతుంది. బాగా ఆరిన నల్లతుమ్మ చేవతో, ఒక వైపు లావుగా, మరో వైపు సన్నగా చెక్కిన చీలను, దూలానికి ఆ పక్క నుంచి ఈ పక్కకు పూర్తిగా తూటు పడిన బెజ్జంలో కొడితే, సన్న కొస వైపు నుంచి గూటంతో ఒక్క దెబ్బ వేస్తే అది వెనక్కి వచ్చేస్తుంది. సగం లోతు బెజ్జంలో కొట్టిన చీల బయటికి రాదు. ఇంత చిన్న విషయం కాగితం మీద మరిచిపోతే, కట్టడం పేరుకే విప్పగలిగేది అవుతుంది. చీల లావు వైపు ఎప్పుడూ మనిషి నిలబడి గూటం విసరగలిగే దిశకే ఉండాలి, సన్న కొస దగ్గర కూడా గూటం ఆడేంత ఖాళీ ఉండాలి. బండి చేసిన వారికి ఈ ఆలోచన కొత్త కాదు. చక్రం నడుమ నుంచి అంచుకు వెళ్లే కర్ర ఆకు ఒకటి విరిగితే ఆ ఆకునే మార్చేవారు, ఇరుసు అరిగితే ఇరుసునే మార్చేవారు. బండి మాత్రం తరాలు నడిచేది.

మన ఊళ్లోనే రాతిలో ఇంకో ఉదాహరణ ఉంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపాన్ని పూర్తిగా విప్పి, పునాదిని బలపరిచి, మళ్లీ నిలబెట్టి 2024లో తెరిచారు. ఏళ్ల తరబడి సాగిన పని అది. సిమెంటు కాంక్రీటుతో పోతపోసిన భవనానికి ఆ అవకాశం ఉండేది కాదు. విడి రాళ్లుగా పేర్చారు కాబట్టే ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా విప్పగలిగారు.

ఇలాంటి కట్టడం మనకు ఎక్కడ అవసరం? నా దృష్టిలో మొదటి చోటు వడ్ల కొనుగోలు కేంద్రం. యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో కల్లాలకు వస్తాయి. సరిగ్గా అప్పుడే ఈదురుగాలులు, వడగండ్లు, అకాల వర్షాలు. కాంటా కోసం ఎదురుచూస్తూ రైతులు కుప్పల మీద టార్పాలిన్లు కప్పి, రాళ్లు పెట్టి, రాత్రంతా కాపలా ఉంటారు. తడిసిన గింజ మొలకెత్తితే ఆరు నెలల కష్టం పోతుంది. ఏడాదిలో కొన్ని వారాలే వాడే చోట శాశ్వత షెడ్డు కట్టడానికి అందరూ వెనకాడతారు. సీజన్‌కు నిలబెట్టి, పని కాగానే విప్పి ట్రాక్టరులో వేసుకుపోయి, మళ్లీ వానాకాలం వడ్లకు ఇంకో ఊరిలో నిలబెట్టగల నీడ ఉంటే ఆ ఖర్చు చాలా ఊళ్లకు పంచుకుపోతుంది. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు కూడా ఇటువంటి కట్టడమే సరిపోతుంది.

ఆరు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవున్న ఒక అర, అంటే నాలుగు గుంజల నడుమ భాగం, చాలనుకుందాం. మామిడి మాను పొట్టిది, త్వరగా పంగలుగా చీలుతుంది. ఆరు మీటర్ల దూలం అందులో రాదు, రావాల్సిన పని కూడా లేదు. రెండు వైపుల నుంచి ఎత్తుగా వచ్చి మధ్యలో కలిసే మూడున్నర మీటర్ల వాసాలు చాలు. 100 బై 150 కొలతతో అలాంటి వాసం బరువు దాదాపు 35 కిలోలు, ఇద్దరు మోసుకుపోగలరు. పంగను నరికి పారేయకుండా గుంజ తలగా వాడుకోవచ్చు. పందిరి వేసే మనిషి పంగ ఉన్న గుంజనే వెతికి తెస్తాడు, ఎందుకంటే చెట్టు తన పోగులను అక్కడ తానే అల్లింది. ఇంగ్లండ్‌లో డోర్సెట్ ప్రాంతంలోని హుక్ పార్క్ అడవిలో 2016లో బీచ్ చెట్ల పంగలను స్కాన్ చేసి, ఒక్కో పంగ రూపానికి తగినట్టు అతుకులు కోసి ఒక పెద్ద షెడ్డును నిలబెట్టారు. పందిరి గుంజలో ఉన్న తెలివినే వారు లెక్కలతో చేసి చూపించారు.

ఈ తేలిక కట్టడానికి బరువు కంటే గాలి పెద్ద శత్రువు. గాలి సెకనుకు 30 మీటర్ల వేగంతో, అంటే గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వీస్తే, చదరపు మీటరుకు సుమారు 55 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి పుడుతుంది. అదంతా కప్పును పైకి లేపే దిశలో పనిచేస్తే, 24 చదరపు మీటర్ల కప్పు మీద దాదాపు 1300 కిలోల లాగుడు. కాబట్టి అతుకులు కిందికి నొక్కే భారాన్నే కాక పైకి లాగే భారాన్ని కూడా మోయాలి. ఆ లాగుడంతా చివరికి చీల మీదే పడుతుంది. గుంజలను భూమిలో పాతితే చెదలు పడతాయి, విప్పడం కష్టమవుతుంది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దగ్గర పనికిరాక పడి ఉన్న బండలను అడుగున పెట్టి, గుంజలను వాటికి బిగిస్తే రెండు సమస్యలూ తీరతాయి. అర ఘనపు మీటరు గ్రానైట్ 1350 కిలోలు తూగుతుంది. భద్రత కోసం దానికి రెట్టింపైనా నాలుగు గుంజలకూ పంచి పెట్టాలి.

పురుగును చంపే పని గురించి క్లుప్తంగా చెబుతాను. కర్ర లోపలి భాగం 56 డిగ్రీలకు చేరి, అక్కడే కనీసం 30 నిమిషాలు ఉండాలి. దేశాల మధ్య రవాణాలో వాడే ప్యాకింగు కలపకు ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం పెట్టిన షరతు ఇదే. వేడి ఉన్న పురుగును చంపుతుంది గానీ, కొత్త పురుగును ఆపదు. దానికి బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణంలో నానబెట్టడం తక్కువ ప్రమాదంతో కూడిన మార్గం. ఆ లవణాలు వాన నీటికి కరిగిపోతాయి కాబట్టి, కప్పు అంచును బయటికి చాచి కర్రను తడవకుండా చూసుకోవాలి.

ఈ కలపను ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాలి. మనుషులు నివసించే మేడ మీది అంతస్తును, బాల్కనీని, నీళ్ల ట్యాంకును దీని మీద నిలబెట్టకండి. కలప నిర్మాణాల భారత ప్రమాణం ఐఎస్ 883 ప్రకారం కలపను తరగతులుగా వేరుచేసి, లెక్కలు సరిచూసి, బాధ్యత తీసుకునే ఇంజనీరు సంతకం లేనిదే జనం చేరే ఏ కట్టడాన్నీ నిలపకండి. చెట్టు కొట్టడానికి నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి కావాలన్న విషయం రైతు మిత్రులకు తెలుసు. పాత ఇంటి కలపకైనా అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే కాగితం దగ్గర ఉంచుకోవడం మంచిది.

చివరగా రిజిస్టరు గురించి చెప్పి ముగిస్తాను. ప్రతి ముక్క మీద కాల్చిన ఇనుముతో ఒక అంకె వేయాలి. ఆ అంకె కింద దుంగ ఎక్కడిది, పురుగు ఏది, సొరంగం ఏ వైపు ఉంది, ధ్వని వేగం ఎంత, వేడి, మందు ఎప్పుడు పట్టించారు అన్నవి కంప్యూటరులోనూ, తెలుగులో చేతిరాత పుస్తకంలోనూ ఉండాలి. కంప్యూటరు ఫైలు పదేళ్లకు తెరుచుకోకపోవచ్చు, పుస్తకం తెరుచుకుంటుంది. ఏ చీలను ముందు తీయాలో, ఏది తీసేముందు దేనికి ఊత పెట్టాలో ఆ వరుస కూడా అందులో రాయాలి, గుంజ మీద చెక్కాలి. ఎందుకంటే విప్పే రోజున దాన్ని నిలబెట్టినవాళ్లు ఆ ఊరిలో ఉండకపోవచ్చు. మొదటి వానాకాలం గడిచాక ప్రతి అరలో రెండు అతుకులు తెరిచి, చీల ఎంత అరిగింది, బెజ్జం అంచు నలిగిందా, తాజా పొడి ఉందా అని చూసి ఆ తేదీ కింద రాయాలి. బల్ల మీద ఒక అతుకు, గూటం పెట్టి ఉంచాను. వడ్రంగి మిత్రులు ముందుగా వచ్చి దాన్ని విప్పి, ఎక్కడ బిగువు తక్కువైందో చెబితే, ఆ తర్వాత విద్యార్థుల ప్రశ్నలు తీసుకుందాం.